14567 ఎల్డర్ లైన్: శ్రీకాకుళం నుంచి నా అనుభవం

2016లో మా నాన్నకి పక్షవాతం వచ్చింది. ఒక ఏజెన్సీ కేర్‌టేకర్‌ని పంపింది. పాపం మంచి పిల్లే, కానీ రెండు గంటలకోసారి పక్క మార్చాలని ఆమెకి ఎవరూ నేర్పలేదు. పదకొండో రోజు దుప్పటి తీస్తే నడుం కింద ఎముక దగ్గర రూపాయి బిళ్లంత పుండు. ఎవరిని అడగాలో నాకు తెలియలేదు. పెద్దవాళ్ల హక్కుల కోసం అర్జీలు రాస్తూ ఆఫీసుల చుట్టూ తిరిగే ఈ పనిలోకి నేను వచ్చింది ఆ పుండు చూశాకే.

అందుకే 2021లో పెద్దల కోసం దేశమంతటికీ ఒకే నంబరు, 14567, వచ్చినప్పుడు నాకు కలిగిన ఊరట మాటల్లో చెప్పలేను. ఫోన్‌కి డబ్బు లేదు. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా, ఆదివారమైనా పలుకుతారు.

మొన్న ఆమదాలవలస దగ్గర పల్లె నుంచి ఒక మామ్మ వచ్చింది. ఉన్న అరవై సెంట్లూ కొడుక్కి సెటిల్‌మెంట్ రాసిచ్చేసింది. "కొడుకు మంచోడే బాబూ, నా కంచంలోకే కూడు రాట్లేదు" అంది. నేనే అర్జీ రాసేయొచ్చు, కానీ ఆవిడ చేతే చేయిద్దామని ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. అవతల అమ్మాయి తెలుగులోనే, తొందరపెట్టకుండా, "తిన్నారా మామ్మా?" అని మొదలుపెట్టింది. మామ్మ ఏడ్చేసింది. ఆ అమ్మాయి ఏడవనిచ్చింది. నాకు బాగా నచ్చింది అదే.

తర్వాత విషయం చెప్పింది. తల్లిదండ్రుల్ని, పెద్దవాళ్లని పిల్లలు పోషించాలని చెప్పే 2007 చట్టం ప్రకారం ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, వకీలు లేకుండానే అర్జీ ఇవ్వొచ్చు, నోటీసు వెళ్లిన 90 రోజుల్లో తేల్చాలి. అన్నీ సరిగ్గా చెప్పింది. నెలకి 10,000 దాటి భరణం వేయకూడదన్న పరిమితి కూడా ఆ చట్టంలోదే. దాన్ని తీసేయాలని 2019లో బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. మా పోరాటం ఇంకా దాని మీదే.

ఒక్క మాట మాత్రం ముందే తెలుసుకోండి. ఈ నంబరు దారి చూపిస్తుంది, ధైర్యం చెబుతుంది, దిక్కులేనివాళ్ల కోసం మనిషిని కూడా పంపుతుంది. రోజూ పక్క మార్చే చెయ్యి మాత్రం ఇక్కడ దొరకదు. మంచానికే పరిమితమైపోయినవాళ్లకి మన రాష్ట్రంలో 15,000 పెన్షన్ ఉంది, అది చాలామందికి పెద్ద ఆసరా. కానీ పని నేర్చిన మనిషి దొరక్కపోతే ఆ డబ్బుతో పుండు ఆగదు. పల్లెకొక శిక్షణ పొందిన కేర్‌టేకర్ కావాలని నేను ప్రతి మీటింగులోనూ అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించింది రాత్రి ఎనిమిది తర్వాత పలకనందుకు. పెద్దవాళ్లకి టెన్షన్ ఎక్కువయ్యేది ఆ వేళలోనే.

మామ్మకి నెలకి మూడు వేలు ఇవ్వడానికి కొడుకు ఆర్డీవో ముందు ఒప్పుకున్నాడు. భూమి మాత్రం తిరిగి రాలేదు. తనని చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులో ఎక్కడా లేదు. మీ ఇంట్లో ఎవరైనా ఆస్తి రాసిస్తుంటే, సంతకానికి ముందే ఆ ఒక్క వాక్యం రాయించండి.