ఒక మాటకు ఒకే అర్థం: ఎస్‌టీఈ100 ఏడాది వాడాక

బాలానగర్‌లో పంపులు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో టెక్నికల్ రైటర్‌ని. ఆరేళ్లుగా మాన్యువల్స్ రాస్తున్నాను. అమీర్‌పేటలో కోర్సు చేసినప్పుడు టూల్స్ బాగానే నేర్పారు. వాక్యం ఎలా రాయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. దాని విలువ నాకు జీడిమెట్లలో తెలిసింది.

మా పంపు వాడే ఫ్యాక్టరీకి వెళ్తే, అక్కడి టెక్నీషియన్ ప్రతి సర్వీసుకీ మంచి ఫిల్టర్‌ని తీసి పడేసి కొత్తది పెడుతున్నాడు. "రీప్లేస్ అనే రాసిన్రు కదా మేడమ్, అందుకే కొత్తది పెట్టిన" అన్నాడు. శుభ్రం చేసిన ఫిల్టర్‌నే మళ్లీ బిగించమని నా ఉద్దేశం. ఇంగ్లిష్‌లో ఆ మాటకు రెండు అర్థాలూ ఉన్నాయి కాబట్టి తప్పు అతనిది కాదు, నాది. ఫిల్టర్ కాబట్టి డబ్బుతో పోయింది, అదే ప్రెషర్ వాల్వ్ అయితే ఏమయ్యేదో అన్న టెన్షన్‌తో ఆ రాత్రి నిద్రపట్టలేదు. పరిష్కారం వెతుకుతుంటే దొరికింది ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100, అంటే మాన్యువల్స్‌ని తేలికైన ఇంగ్లిష్‌లో రాయడానికి పెట్టిన ఒక ప్రమాణం (స్టాండర్డ్).

ఇది విమానాల మెయింటెనెన్స్ మాన్యువల్స్ కోసం పుట్టింది. ఇంగ్లిష్ మాతృభాష కాని మెకానిక్‌లకు కూడా అర్థమయ్యేలా రాయాలని 1970ల చివర్లో యూరప్ విమానయాన సంస్థలు తయారీదారులను అడిగాయి. 1986లో మొదటి గైడ్ వచ్చింది, 2005లో ఇప్పటి పేరు పెట్టారు, 2025 జనవరిలో తొమ్మిదో ఇష్యూ (ఎడిషన్) విడుదలైంది. పీడీఎఫ్ ఉచితం. అడిగితే పంపిస్తారు.

ఇందులో రెండు భాగాలు. మొదటిది, ఎలా రాయాలో చెప్పే నియమాలు. చేయాల్సిన పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు, వివరణ అయితే 25. పేరాకి ఆరు వాక్యాలే. ఒక వాక్యంలో ఒకే పని చెప్పాలి, ఏకకాలంలో చేయాల్సినవైతే తప్ప. నాకు బాగా నచ్చింది హెచ్చరికల నియమం. ముందుగా ఉండాల్సిన షరతు ఏదైనా ఉంటే దాన్నే ముందు రాయాలి. మనం తెలుగులో "ప్రెషర్ సున్నాకి వచ్చాక మూత తియ్యి" అంటాం. ఇంగ్లిష్‌లో చాలామంది "మూత తియ్యి" అన్నదే ముందు రాస్తారు. స్పానర్ చేతిలో పట్టుకుని చదివే మనిషి వాక్యం సగంలో ఉండగానే బోల్టు తిప్పేస్తాడు. నా పాత మాన్యువల్స్‌లో అలాంటివి పదకొండు దొరికాయి. అన్నీ తిప్పి రాశాను.

రెండో భాగం డిక్షనరీ, దీని ప్రాణమంతా అక్కడే ఉంది. వాడొచ్చని ఆమోదించిన మాటలు పెద్ద అక్షరాల్లో, వద్దన్నవి చిన్న అక్షరాల్లో, పక్కనే సరైన వాక్యం, కూడని వాక్యం. "క్లోజ్" అంటే మూయడం మాత్రమే, దగ్గర అనడానికి "నియర్" వాడాలి. "ఫాలో" అంటే తర్వాత రావడం, సూచనలు పాటించడానికి "ఒబే". "ఆయిల్" పదార్థం పేరే తప్ప నూనె పోయడం అనే క్రియ కాదు. ఇక "రీప్లేస్" అంటే పాతది తీసి కొత్తది లేదా పనికొచ్చే మరొకటి పెట్టడం. ఆ వరుస చదివినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా వాక్యం ఇప్పుడు రెండు స్టెప్పులు: "క్లీన్ ద ఫిల్టర్. ఇన్‌స్టాల్ ద ఫిల్టర్."

ఇబ్బందులూ ఉన్నాయి. ఉదాహరణలు చాలావరకు విమానాలవే. పంపు భాగాల పేర్లు మనమే చేర్చుకోవాలి, ప్రమాణం దానికి అనుమతి ఇస్తుంది కానీ ఆ పని తేలిక కాదు. మా దగ్గర ఒకే భాగాన్ని డ్రాయింగ్‌లో స్టఫింగ్ బాక్స్ అని, స్టోర్స్‌లో గ్లాండ్ బాక్స్ అని, నా మాన్యువల్‌లో సీల్ హౌసింగ్ అని రాస్తూ వచ్చాం. డిజైన్ వాళ్లతో కూర్చుని ఒక పేరు ఖాయం చేసేసరికి మూడు మీటింగులు పట్టాయి. వాక్యాలు సరిచూసే చాలా సాఫ్ట్‌వేర్‌లకు డబ్బు కట్టాలి, మా కంపెనీ కొనలేదు, నేను పీడీఎఫ్‌లో వెతుక్కుంటూ చేస్తాను. పాత మాన్యువల్‌లో ఒక పేజీ మార్చడానికి మొదట్లో గంట పట్టేది. మార్కెటింగ్ బ్రోషర్‌కి మాత్రం దీన్ని వాడకండి, ఆ పని దీనిది కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డిక్షనరీ మొత్తం చదవాలని కూర్చోవద్దు. నియమాలు ఒక వారం చదివి, మీ మాన్యువల్‌లో ప్రమాదకరమైన ఒక్క పేజీ తీసుకుని తిరగరాయండి.

గత నెల కొత్త మాన్యువల్ తీసుకుని అదే జీడిమెట్ల ఫ్యాక్టరీకి వెళ్లాను. టెక్నీషియన్ పంపు పక్కనే నిలబడి ఫిల్టర్ పేజీ చదివి, అడగకుండానే సరిగ్గా చేశాడు. తర్వాత హెచ్చరిక మీద వేలు పెట్టి, "ఈ ఒబే అంటే ఏంది మేడమ్?" అన్నాడు. "ఫాలో" అయితే అతనికి తెలుసు. ప్రమాణం ఒప్పుకున్న మాట మన దగ్గర అందరికీ తెలిసిన మాట కాకపోవచ్చని అప్పుడు తట్టింది. అందుకే మాన్యువల్ చివర ఒక పేజీ చేర్చాను. ఇంగ్లిష్ మాట, పక్కన తెలుగులో అర్థం. ప్రస్తుతం 38 మాటలున్నాయి, మొదటిది "ఒబే".