కర్నూలు ఎండల్లో ఉప్పునీళ్ల అక్వేరియం: మూడో వేసవి దాటాక నా సమీక్ష

మా హాల్లో ఉన్నది మూడడుగుల ట్యాంక్. వెడల్పు, ఎత్తు ఒకటిన్నర అడుగు చొప్పున. అంచుదాకా పోస్తే 190 లీటర్లు పడుతుంది కానీ రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ పోను అందులో ఉండే నీళ్లు 160 లీటర్లే. మొన్నటి మే నెలతో మూడో వేసవి గట్టెక్కింది. కొత్తగా పెట్టాలనుకునేవాళ్లు ముందు లైట్ల గురించి, స్కిమ్మర్ (నురగతో నీళ్లలోని మలినాలు తీసే పరికరం) గురించి అడుగుతారు. నేనైతే ముందు మంచినీళ్ల గురించి ఆలోచించమంటాను. ఉప్పునీళ్ల ట్యాంక్‌లో సగం ఖర్చు, సగానికి పైగా శ్రమ మంచినీళ్లకే పోతుంది.

మా బోరు నీళ్ల టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల లెక్క) వెయ్యికి దగ్గర. బకెట్‌కు తెల్లగా పెచ్చు కట్టే రకం. తాగడానికి ఇంట్లో పెట్టుకున్న ఆర్వో ఉంది కదా అనుకోవద్దు. అలాంటివాటిలో చాలావరకు టీడీఎస్ కంట్రోలరో, మినరల్ కార్ట్రిడ్జో ఉంటుంది. వడగట్టిన నీళ్లకు రుచి కోసం మళ్లీ లవణాలు కలుపుతుంది. మనకు అది మంచిదే, ట్యాంక్‌కు పనికిరాదు. నేను వాడేది కంట్రోలర్ లేని మామూలు ఆర్వో, దాని వెనక మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఐ రెసిన్ గొట్టం. మీటర్ సున్నా చూపించాలి. బోరు నీళ్లు పెడితే రెసిన్ ఇట్టే అయిపోతుంది. కార్పొరేషన్ కుళాయి నీళ్లు డ్రమ్ములో పట్టి పెడితే ఎన్నో రెట్లు ఎక్కువ వస్తుంది. అందులోని క్లోరిన్ మెంబ్రేన్‌ను పాడుచేయకుండా ముందు కార్బన్ ఫిల్టర్ ఉండాలి. బయటికి పోయే వృథా నీళ్లు మాత్రం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మా ఆవిడ వాటిని ఇల్లు తుడవడానికి, బాత్రూములు కడగడానికి మళ్లించింది కాబట్టి ఇంట్లో గొడవ లేదు.

ఉప్పు దగ్గర పెద్ద కష్టం లేదు. లీటరుకు 35 గ్రాముల పైచిలుకు, అంటే ఈ ట్యాంక్‌కు మొదటిసారి ఆరు కిలోలు. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కొనండి. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌కు గాలిబుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది. పైవాటాలో ఉండే పెద్దాయన వచ్చిన ప్రతిసారీ “ఏమప్పా, రాళ్లుప్పు వేస్తే సాలదా?” అంటాడు. సాలదు. సముద్రపు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం వగైరా తగిన పాళ్లలో కలిపి ఉండేది సాల్ట్ మిక్స్‌లోనే.

ఇక ఎండ. కర్నూలులో దీన్ని దాటితే మిగతావన్నీ దాటినట్టే. నీళ్లు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మేలో బయట 43 ఉంటే మా హాల్లో మధ్యాహ్నానికి 35 దాటుతుంది. చిల్లర్ ధర అడిగి వెనక్కి వచ్చాను. పైగా అది ట్యాంక్‌లోని వేడిని తీసి అదే గదిలోకి వదులుతుంది. దాని బదులు కంప్యూటర్లలో ఉండే 12 వోల్టుల ఫ్యాన్లు రెండు, నీటి మీదికి ఏటవాలుగా బిగించాను. వాటికో టెంపరేచర్ కంట్రోలర్. 27 దాటితే తిరుగుతాయి, 26కి దిగితే ఆగుతాయి. నీళ్లు ఆవిరవుతూ చల్లబడతాయి, కుండలో లాగానే. మన వేసవి గాలి పొడిగా ఉండడం ఇక్కడ కలిసొచ్చింది. చెన్నైలోనో, విశాఖలోనో ఉక్కపోతకు ఇదే ఫ్యాన్ ఇంత పనిచేయదు. నడి వేసవి మధ్యాహ్నాల్లో నీళ్లు 28కి చేరిన రోజులున్నాయి, అంతకు మించలేదు. విచిత్రంగా, ఎండ తగ్గి ముసురు పట్టిన జూలై రోజుల్లోనే, గాలిలో తేమ వల్ల, ఫ్యాన్లు ఎక్కువసేపు తిరుగుతాయి.

దీనికి మనం కట్టే కప్పం మంచినీళ్లు. వేసవిలో రోజుకు ఐదు లీటర్ల దాకా ఆవిరైపోతాయి. పోయేది నీరే, ఉప్పు ట్యాంక్‌లోనే మిగులుతుంది. ఒక్క రోజు పోయకపోతే 35 ఉన్న ఉప్పదనం 36 దాటుతుంది, మూడు రోజులకు 38 దాటుతుంది. అందుకే సెన్సర్‌తో పనిచేసే ఆటో టాప్ ఆఫ్ పంపు పెట్టాను. నీటిమట్టం వేలెడు తగ్గకముందే డ్రమ్ములోని సున్నా టీడీఎస్ నీళ్లను అదే పోస్తుంది. నా సెటప్‌లో ఐదుకు ఐదు మార్కులు దీనికే. ఫ్యాన్లకు నాలుగే ఇస్తాను. తుంపర పడి రెక్కల అంచుల్లో ఉప్పు పేరుకుంటుంది, తడిగుడ్డతో తుడవకపోతే గరగరమని మోత. బేరింగులు తుప్పు పట్టి వేసవికో జత పోతుంది. కొన్ని వందలే కాబట్టి బాధ లేదు.

కరెంటు పోయినప్పుడు ముందు వచ్చే ముప్పు ఆక్సిజన్‌ది. వేడి నీళ్లలో, ఉప్పునీళ్లలో అది తక్కువగానే కరుగుతుంది, పైగా నీళ్లు కదలకుండా నిలిచిపోతాయి. నీళ్లను కదిలించే వేవ్ మేకర్ పంపును, ఫ్యాన్లను ఇన్వర్టర్‌కు కలిపితే రాత్రంతా నడిచినా బ్యాటరీకి భారం కాదు. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దై ఉండాలి. లేకపోతే పంపు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది.

చేపలు వేయకముందు ట్యాంక్‌ను ఖాళీగా నడపాలి. అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఉప్పునీళ్ల పీహెచ్ 8.1 పైనే ఉంటుంది కాబట్టి అమ్మోనియా మంచినీళ్లలో కన్నా ఎక్కువ విషం. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చేదాకా ఆగాల్సిందే. ఈలోగా ఇసుక మీద గోధుమరంగు పొర వస్తుంది. అవి డయాటమ్‌లనే సూక్ష్మ నాచు, వాటంతటవే పోతాయి. టెన్షన్ అక్కర్లేదు.

చేపలు హైదరాబాద్ నుంచి తెచ్చాను. ఒక క్లౌన్ ఫిష్ జత, గోబీ అనే చిన్న చేప ఒకటి, అంతే. ఫామ్‌లో పుట్టిన క్లౌన్ ఫిష్‌లనే అడగండి. మన దేశంలోనే, తమిళనాడులోని మండపంలో ఉన్న సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం వీటిని పెంచే పద్ధతి రూపొందించింది. గుళికల మేతకు అలవాటుపడే వస్తాయి, సముద్రంలో అవి ఆశ్రయంగా చేసుకునే ఎనిమోన్ అనే జీవి లేకపోయినా హాయిగా ఉంటాయి. చిన్నప్పుడు అన్నీ మగవే, జతలో పైచేయి అయినది ఆడదవుతుంది. మా ఇంట్లో ఆ పెద్దావిడ గాజు తుడవడానికి చెయ్యి పెడితే వచ్చి వేలు కొరుకుతుంది! చుట్టాలు మాత్రం “తినేవేనా?” అనే అడుగుతారు.

స్కిమ్మర్ లేకపోతే చేపలు బతకవని దుకాణంవాళ్లు అన్నారు. మూడు చిన్న చేపలకు, వారానికి 15 లీటర్లు మార్చేవాళ్లకు అది లేకపోయినా నడుస్తుంది. నాది ఇప్పుడు అటక మీదుంది. రాళ్లు మాత్రం పొడి సిరామిక్‌వే తీసుకోండి. సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్లు, సముద్రగుర్రాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్‌లో ఉన్నాయి, ఎవరు చూపించినా కొనొద్దు.

ఊరెళ్లేటప్పుడు డ్రమ్ము నింపి, ప్లగ్గు మీద “తీయొద్దు” అని చీటీ అంటించి వెళతాం. మేత మాత్రం ఎవరికీ అప్పగించను. రెండు మూడు రోజులు పస్తున్నా వాటికేం కాదు, పైవాటా పెద్దాయన ప్రేమకొద్దీ గుప్పెడు వేశాడంటేనే కష్టం.