ఏఎఫ్ ఉన్నవాళ్ళకి సీటీ కరోనరీ యాంజియో చేయిస్తున్నారా? డబ్బు కట్టేముందు జాగ్రత్త!

మా నాన్నకి ఏట్రియల్ ఫిబ్రిలేషన్, నాడి ఒక లెక్క ప్రకారం కొట్టుకోదు. ఛాతీ పట్టేసినట్టుందంటే డాక్టర్ గారు సీటీ కరోనరీ యాంజియో, అంటే గుండె రక్తనాళాల్లో బ్లాకులు చూసే స్కాన్, రాశారు. స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేసి ఏఎఫ్ ఉందండీ అని ముందే చెప్పాం, "మాది 128 స్లైస్ మెషీన్ సార్, ఎలాంటి హార్ట్‌బీట్ అయినా ప్రాబ్లమే లేదు" అన్నారు. అక్కడ మెటోప్రొలాల్ (గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు) ఇచ్చి కూర్చోబెట్టారు, మానిటర్‌లో అంకె ఇంకా 70కీ 110కీ మధ్య ఊగుతూనే ఉంది, అయినా లోపలికి తీసుకెళ్ళి చేసేశారు. బీటా బ్లాకర్‌తో వేగం తగ్గుతుంది గానీ లయ సరికాదు కదా, ఆ మాత్రం వాళ్ళకి తెలీదా?

రిపోర్ట్ ఇస్తూ కౌంటర్‌లో "నార్మలే సార్" అన్నారు. కార్డియాలజిస్ట్ గారు చూసి పెదవి విరిచారు. కింద "కనిపించిన భాగాల్లో పెద్ద బ్లాక్ లేదు" అని ఉంది, పైన చిన్న అక్షరాల్లో ఆర్సీఏ (గుండె కుడివైపు రక్తనాళం) మధ్యభాగం మోషన్ ఆర్టిఫాక్ట్ వల్ల, అంటే గుండె కదలికకి ఫోటో చెదిరిపోవడం వల్ల, చెప్పలేం అని ఉంది. అంటే అసలు చూడాల్సిందే చూడలేదు, దాన్ని నార్మల్ అని చేతిలో పెట్టారు!

అడిగితే రీస్కాన్ చేద్దాం అన్నారు, మళ్ళీ ఫుల్ ఫీజు, మళ్ళీ కాంట్రాస్ట్ (నాళాలు కనబడ్డానికి ఎక్కించే మందు, కిడ్నీల మీద భారం), మళ్ళీ రేడియేషన్. కిడ్నీల సంగతి ఎవరు చూస్తారండీ?

స్లైస్‌ల అంకె, అంటే మెషీన్ ఒక్క చుట్టులో తీసే ముక్కల లెక్క, చూసి మురిసిపోకండి. 64, 128 స్లైస్ మెషీన్లలో చాలావాటికి ఒక్క బీట్‌లో దొరికేది దాదాపు 4 సెంటీమీటర్లే, గుండె మొత్తానికి మూడు నాలుగు బీట్లు కావాలి, ఆ ముక్కల్ని తర్వాత అతుకుతారు, ఒక బీట్ పొట్టిగా ఇంకోటి పొడుగ్గా ఉంటే రక్తనాళం మెట్లు మెట్లుగా విరిగినట్టు వస్తుంది. 16 సెంటీమీటర్ల డిటెక్టర్ (ఎక్స్‌రేలని పట్టుకునే భాగం) ఉన్నవాటిలో గుండె అంతా ఒకే బీట్‌లో వస్తుంది. డ్యూయల్ సోర్స్ అయితే రెండు ఎక్స్‌రే ట్యూబులు కాబట్టి ఫోటో 66 నుంచి 83 మిల్లీసెకన్లలో పడుతుంది, మామూలువాటికి 140 నుంచి 175 దాకా పడుతుంది. కాబట్టి ఫోన్‌లోనే ఒక్క బీట్‌లో వస్తుందా, డ్యూయల్ సోర్సా అని అడగండి, సూటిగా చెప్పకపోతే వదిలేయండి. సరిగ్గా రాకపోతే రీస్కాన్ ఫ్రీనా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట నమ్మొద్దు. ఏఎఫ్‌లో బీట్ మొత్తం తీస్తే రేడియేషన్ పెరుగుతుంది, డోస్ ఎంత పడుతుందో కూడా అడగాల్సిందే.

ఇంకోటి, ఆస్తమా ఉంటే బీటా బ్లాకర్ ఇచ్చేముందే చెప్పాలి. సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటివి వాడేవాళ్ళు సిగ్గుపడకుండా చెప్పేయండి, ఈ స్కాన్‌కి ముందు నాళాలు వెడల్పవ్వడానికి నాలుక కింద పెట్టే నైట్రోగ్లిజరిన్‌తో కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

ఇప్పటికే చేయించి మాలాగే ఇరుక్కుంటే, రీస్కాన్‌కి ఒప్పుకునేముందు ఉన్న డేటాతోనే ఎండ్ సిస్టోల్ ఫేజ్‌లో (గుండె ముడుచుకోవడం ముగిసే క్షణంలో) మళ్ళీ రీకన్‌స్ట్రక్షన్ చేసి, అంటే ఫోటోలు కొత్తగా తయారుచేసి, చూడమని అడగండి, ఆ ఫేజ్ తీసి ఉంటే ఒక్కోసారి అందులో బాగా వస్తుంది. ఆలస్యం మాత్రం చేయకండి, రా డేటా (ఫోటోలుగా మార్చకముందు ఉన్న అసలు డేటా) మెషీన్‌లో కొన్నాళ్ళే ఉంచుతారు, సీడీలో ఇచ్చేది అది కాదు.