ట్రోమ్సోలో హస్కీ బండి: పగ్గాలు ఉండవు, ముందే చెబుతున్నా

మంచు మీద హస్కీ కుక్కలు లాగే బండి సవారీ ఇది. బుకింగ్‌లో "సెల్ఫ్ డ్రైవ్" అని ఉంటే కారులాగా ఊహించుకోకండి. పట్టుకోవడానికి ఒక హ్యాండిల్, తొక్కడానికి ఒక బ్రేకు, అంతే. పగ్గాలు లేవు, కొరడా లేదు. ముందు బండి ఎటు వెళ్తే మన కుక్కలూ అటే.

మా అమ్మాయికి ఓస్లోలో ఉద్యోగం. జనవరి ఆఖరులో నన్ను నార్వే పైకొసన ఉన్న ట్రోమ్సోకి తీసుకెళ్ళింది. ఆర్కిటిక్ వలయం దాటి ఇంకో 350 కిలోమీటర్లు పైకి. నవంబరు ఆఖరులో మునిగిన సూర్యుడు జనవరి మధ్యదాకా మళ్ళీ పొద్దుపొడవడు. చుట్టూ కొండలు కదా, ఊళ్ళోవాళ్ళకి కనిపించేసరికి 21వ తేదీ అవుతుంది. ఆ రోజు అందరూ జామ్ పెట్టిన గుండ్రటి బన్నులు తింటారట. మన సంక్రాంతి వెళ్ళిన వారానికి వాళ్ళ సంక్రాంతి అన్నమాట.

హస్కీ సవారీ మనిషికి రెండు వేల క్రోనర్ల పైనే. "రూపాయల్లోకి మార్చి చూడొద్దమ్మా" అంది. మార్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదలు బాగోలేదు. రేవు దగ్గర బస్సు కోసం ముప్పావుగంట నిలబెట్టారు, సారీ అన్న మాట కూడా లేదు. కుక్కల్ని పెంచే కెన్నెల్ దగ్గర ఇచ్చిన బూట్లు నాకు రెండు సైజులు పెద్దవి. అడిగితే చిన్నవి అయిపోయాయన్నారు. రెండు జతల ఉన్ని సాక్సులు వేసి సర్దుకున్నాను. పైన వేసుకునే సూటు మాత్రం మెడ నుంచి మడమ దాకా ఒకటే, భలే వెచ్చన. ఆడవాళ్ళకి ఒక సలహా: అది తొడుక్కునే ముందే బాత్రూమ్‌కి వెళ్ళి రండి. తర్వాత ఆరుబయట చెక్కగదిలో దాన్ని విప్పి మళ్ళీ ఎక్కించుకోవడం నాలుగు మడతల పట్టుచీర కట్టడం కన్నా కష్టం.

కుక్కల్ని చూసి మొదట నిరాశపడ్డాను. నీలికళ్ళు, బొద్దుగా, క్యాలెండర్లో ఉండేలా ఉంటాయనుకున్నా. ఇవి సన్నగా, పొడుగుకాళ్ళతో, కొన్ని అచ్చం మా వీధికుక్కల్లాగే ఉన్నాయి. అలాస్కన్ హస్కీలట, పరుగు కోసం కలిపి పెంచిన జాతి. నార్వేలోనే ఉన్న అల్టా ఊరి నుంచి ఏటా జరిగే ఫిన్‌మార్క్స్‌లోపెట్ అనే కుక్కబండ్ల పందెంలో పెద్ద విభాగం 1200 కిలోమీటర్లు ఉంటుంది; దాన్ని పరిగెత్తేది ఇలాంటి కుక్కలే. ఆ మాట విన్నాక నా చూపు మారింది.

కట్టేటప్పుడు గోల చెప్పనలవి కాదు. ఎగురుతాయి, ఊళ పెడతాయి, తాళ్ళు కొరుకుతాయి. పక్కనున్న మనిషి మాట వినపడదు. మంచులో గుచ్చిన కొక్కెం పీకగానే టక్కున నిశ్శబ్దం. ఒక్కటీ మొరగదు. కర్రబద్దలు మంచు మీద జారే చప్పుడు, వాటి ఊపిరి, అంతే.

మా నాన్నగారు ఎడ్లబండి తోలుతుంటే పక్కన కూర్చుని పెరిగినదాన్ని. ఎద్దు కదలాలంటే నోరు నొప్పెట్టేలా అదిలించాలి. ఇక్కడ మన పని ఆపడమే. దిగుడు వస్తే బ్రేకు తొక్కాలి, లేకపోతే బండి వెళ్ళి వెనక కుక్కల కాళ్ళకి తగులుతుంది. ఎక్కుడు వస్తే ఒక కాలితో నేలని తన్నాలి. నేను తన్నడం మర్చిపోయి హాయిగా నిలబడితే ఎడమవైపు వెనక కుక్క తల తిప్పి నాకేసి చూసింది. మా అత్తగారి చూపు! వెంటనే దిగి తోశాను.

"ఏం జరిగినా చేతులు వదలకమ్మా," అంది బండిలో కూర్చున్న మా అమ్మాయి.

"వదిలితే?"

"నన్ను తీసుకుని వెళ్ళిపోతాయి, నువ్వు ఇక్కడే ఉంటావు."

పరిగెడుతూనే పక్కకి వంగి మంచు నోట్లో వేసుకుంటాయి, అదే వాటి మంచినీళ్ళు. పరిగెడుతూనే మిగతా పనులూ కానిచ్చేస్తాయి, వెనకున్నవాళ్ళకి ఆ వాసన తప్పదు. తిరిగొచ్చాక ముందు నడిచిన కుక్క మీసాల మీద ఊపిరి గడ్డకట్టి తెల్లగా మెరుస్తోంది. చేత్తో తుడవబోతే నా గ్లౌజు నాకింది.

భోజనం మంట చుట్టూ కూర్చుని. శాకాహారం అని ముందే రాశాం కాబట్టి టమాటా సూపు, బ్రెడ్డు ఇచ్చారు. వేడిగా ఉంది, అంతకుమించి ఏం లేదు. నా సంచిలో ఆవకాయ ఉంది, ఇక చెప్పేదేముంది.

మర్నాటి రాత్రి వేరేవాళ్ళతో నార్తర్న్ లైట్స్, అంటే రాత్రి ఆకాశంలో కనిపించే వెలుగుల వేటకి వెళ్ళాం. ఊరి మీద మబ్బు ఉంటే కొండల వెనక పొడిగా ఉండే షీబోట్న్ వైపు తీసుకెళ్తారు. పది నిమిషాలు కనిపించింది. కంటికి తెల్లటి పొగలాగా, ఫోన్లో ఆకుపచ్చగా. బాగుంది గానీ అది మబ్బు దయ, ఎంత డబ్బిచ్చినా గ్యారంటీ లేదు. ఒక్కదానికే డబ్బుంటే కుక్కల దగ్గరికే వెళ్ళండి. ఫోను మాత్రం లోపలి జేబులో పెట్టుకోండి, చలికి నాది నలభై శాతం మీదే ఆగిపోయింది.

మా అమ్మాయి అప్పుడే వచ్చే జూన్ గురించి మాట్లాడుతోంది. అర్ధరాత్రి సూర్యుడట, కొండెక్కడమట. నా మోకాళ్ళ సంగతి దానికి తెలుసు. మంచు లేనప్పుడు ఆ కుక్కలకి చక్రాల బండి కడతారని కెన్నెల్ పిల్ల చెప్పింది. బూట్లు ఈసారి ఇంటినుంచే తీసుకెళ్తా.