రోజూ పావుగంటా, ఏడాదికి మూడు రోజులా? మౌన ప్రార్థనకు ఏది మేలు

మన క్రైస్తవ సంఘాల్లో ప్రార్థనంటే చప్పుడే. మైకు, కీబోర్డు, తబలా, చప్పట్లు. ఉపవాస కూటమైనా, ఆల్‌నైట్ ప్రేయరైనా నోరు ఆగదు. నేనూ అందులోనే పెరిగాను, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అలాగని మౌనం మనకు బొత్తిగా కొత్త కాదు. 'కనిపెట్టడం' అని మనకో మంచి మాట ఉంది. ఏమీ అడక్కుండా ప్రభువు సన్నిధిలో ఊరికే ఎదురుచూడటం. బైబిలు మిషను వాళ్లు దీన్ని ఇప్పటికీ నేర్పుతారు.

చిక్కల్లా ఎలా మొదలుపెట్టాలన్నదే. ఇంట్లో రోజూ పావుగంటా? సెలవు పెట్టి ఏ ధ్యాన కేంద్రానికో వెళ్లి మూడు రోజులా?

నేను ముందు రెండోదే చేశాను. వెళ్లిన మొదటి రోజంతా నిద్రపోయాను. సిగ్గేసింది కానీ, బైబిల్లోని ఏలీయా ప్రవక్త గుర్తొచ్చాడు. బదరీ చెట్టు కింద పడి నిద్రపోతుంటే దూత లేపి ముందు తినమన్నాడు. దేవుని నిమ్మళమైన స్వరం ఆయనకు వినబడింది ఆ తర్వాత ఎన్నో రోజులకు, హోరేబు కొండ మీద. రెండో రోజు తలలో ఒకటే రొద: ఆఫీసు, ఈఎంఐ, ఎప్పుడో తమ్ముడితో పడ్డ గొడవ. సాయంత్రానికి అది కాస్త అణిగింది. అప్పుడు గానీ ఆ గొడవలో తప్పు నాదేనని ఒప్పుకోలేకపోయాను. పావుగంటలో ఇది జరగదు. రొద పైకి తేలేసరికే టైమైపోతుంది.

మరి నష్టం? ఖర్చు, సెలవు సంగతి అటుంచితే, సోమవారం. కుక్కర్ విజిల్, బస్సు, ఫోను. బుధవారానికి మళ్లీ పాత మనిషినే.

రోజువారీ అలవాటు బలం నాకు నాజీలను ఎదిరించిన జర్మన్ పాస్టరు బోన్‌హోఫర్ సంగతి చదివాక అర్థమైంది. 1935లో జర్మనీలోని ఫింకెన్‌వాల్డెలో కాబోయే పాస్టర్లకు శిక్షణ ఇస్తూ, రోజూ అరగంట మౌనంగా వాక్యం ధ్యానించమన్నాడు. వారమంతా ఒకే భాగం. కుర్రాళ్లు విసుక్కున్నారు, ఆయన మాత్రం పట్టు వదల్లేదు. 1937లో నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఆ శిక్షణాలయాన్ని మూసేసింది. చెదిరిపోయిన శిష్యులకు రాసిన ఉత్తరాల్లోనూ ఆ ధ్యానం మానొద్దనే చెప్పేవాడు. వెళ్లడానికి ఏ చోటూ మిగలనప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది ఆ అరగంటే.

క్యాథలిక్కుల్లో జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా 16వ శతాబ్దంలోనే రెండు దారులూ పెట్టాడు. ఆయన రాసిన 'ఆధ్యాత్మిక సాధనలు' అనే ప్రార్థనా క్రమం పూర్తిగా చేయాలంటే ఇల్లూ పనీ వదిలి దాదాపు 30 రోజులు. వదల్లేనివాళ్లకు, ఇంట్లో ఉంటూనే రోజుకు గంటన్నర చొప్పున, నిదానంగా. వీలున్నవాళ్లు దూరంగా వెళ్తే లాభం ఎక్కువని కూడా ఆయన దాచలేదు. యేసు ప్రభువుకైతే అరణ్యంలో నలభై రోజులూ ఉన్నాయి, కపెర్నహూములో తెల్లవారకముందు చీకట్లో లేచి వెళ్లిన గడియా ఉంది. ఆ గడియలోనూ శిష్యుడు సీమోను వెతుక్కుంటూ వచ్చి "అందరూ నిన్ను వెదుకుతున్నారు" అన్నాడు, అది వేరే విషయం!

నన్నడిగితే, పిల్లలూ ఉద్యోగమూ ఉన్నవాళ్లు పావుగంటతోనే మొదలుపెట్టాలి. రోజూ పది నిమిషాలు కూడా కదలకుండా కూర్చోలేని మనిషి మూడు రోజుల రిట్రీట్‌కి వెళ్తే, ఎక్కువ భాగం గడియారం చూడటంతోనే సరిపోతుంది. పెద్ద నిర్ణయం ముందున్నప్పుడో, ఏళ్లుగా ఒకరిని క్షమించలేకపోతున్నప్పుడో మాత్రం వెళ్లడమే మేలు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు, ఈ మధ్యే ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లు ఒంటరిగా పొడుగాటి మౌనంలోకి దిగకూడదు. డాక్టరుతోనో, అనుభవమున్న పాస్టరు గారితోనో, ఫాదర్‌తోనో ముందు మాట్లాడాలి.

ఇంకో మాట. ఇంట్లో ఆ పావుగంట మగవాళ్లకు దొరికినంత సులువుగా ఆడవాళ్లకు దొరకదు. మా ఇంట్లో అయిదున్నరకు నేను కూర్చుంటే, ఆరింటికి టీ, పిల్లల టిఫిన్ బాక్సులు నావి. అప్పుడు తలుపేసుకునేది మా ఆవిడ. ఫోను గదిలోకి రాకూడదని ఒప్పందం. అందుకని టైము చూసుకోవడానికి పాత రకం అలారం గడియారం ఒకటి కొన్నాం. దాని టిక్ టిక్ అలవాటవడానికి మాత్రం రెండు వారాలు పట్టింది.