ఊరి చెరువా, కోరింగ మడ అడవా?

తొమ్మిదో తరగతి పిల్లలకు పర్యావరణ పాఠం ఆరుబయట చెప్పాలంటే ఏది మేలు?

ఖర్చు: చెరువుకి నీటి ఆమ్ల, క్షార గుణం చూసే పీహెచ్ స్ట్రిప్పులు, దోమతెరతో కుట్టిన వల చాలు. కాకినాడ దగ్గరి కోరింగకి బస్సు, టికెట్లు, భోజనాలు.

పని: చెరువు దగ్గర అంతా పిల్లలదే. 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు పళ్లేన్ని తాడుతో దించి, ఎంత లోతులో కనబడకుండా పోయిందో కొలుస్తారు. వానలయ్యాక మళ్లీ దించితే నీటి తేటదనం ఎంత మారిందో వాళ్లే చెబుతారు. కోరింగలో చెక్కబాట మీద నడక, చూడటమే ఎక్కువ. అయితే బురదలోంచి పొడుచుకొచ్చే శ్వాసవేర్లు ఏ చెరువులోనూ దొరకవు.

టెన్షన్: నిజానికి చెరువుకే ఎక్కువ. రేవు మెట్లు దాటనివ్వకండి.

ఏడాది పొడవునా లెక్కలు రాయించే ఓపికుంటే చెరువే. కాకినాడ దగ్గర్లో ఉండి, ఒక్కరోజే వీలైతే కోరింగ. పాటు వేళకే వెళ్లండి, పోటులో వేర్లు మునిగిపోతాయి.