మొదటి ఎయిర్ రైఫిల్‌గా వైరౌఖ్ హెచ్‌డబ్ల్యూ 30 ఎస్

ఎయిర్ రైఫిల్ అట్టపెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలతో కనిపించేది పెల్లెట్ అనే చిన్న గుండు వేగం. సెకనుకు 1000 అడుగులనీ 1250 అడుగులనీ ప్రకటించే ఆ అంకెలు చాలావరకు సీసం కలపని, బొత్తిగా తేలికైన మిశ్రలోహపు పెల్లెట్లతో రాబట్టినవి. అదే రైఫిల్‌లో మామూలు బరువున్న సీసపు పెల్లెట్ పెడితే వేగం బాగా తగ్గిపోతుంది. తగ్గకపోయినా ఒరిగేదేమీ లేదు. ధ్వని వేగం సెకనుకు దాదాపు 1125 అడుగులు. దానికి చేరువయ్యే కొద్దీ సన్నని నడుము గల ఈ పెల్లెట్ గాలిలో నిలకడ కోల్పోయి, గురి చెదురుతుంది. కనుక మొదటిసారి కొనేవారు ఆ అంకెను పక్కనబెట్టి, ట్రిగ్గర్ ఎంత నికరంగా పనిచేస్తున్నదో, ఎక్కుపెట్టడానికి ఎంత బలం కావలసివస్తున్నదో, అరగంట పట్టుకున్నాక చేతులు వణుకుతున్నాయో లేదో చూసుకోవాలన్నది ఈ సమీక్షకుని అభిప్రాయం. ఆ కొలతతో చూస్తే, కాగితపు టార్గెట్ల వరకు, జర్మనీలో తయారయ్యే వైరౌఖ్ హెచ్‌డబ్ల్యూ 30 ఎస్‌కు సాటి వచ్చేవి తక్కువ. వేట దగ్గర మాత్రం దానికి గట్టి హద్దులున్నాయి.

వైరౌఖ్ 1899లో మొదలైన కుటుంబ సంస్థ. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అది బవేరియాలోని మెల్రిక్‌స్టాట్‌కు తరలివచ్చింది. ఇదే రైఫిల్ అమెరికాలో చాలాకాలం బీమన్ ఆర్ 7 అనే పేరుతో అమ్ముడుపోయింది. బరువు సుమారు రెండున్నర కిలోలు, పొడవు మీటరుకు కొద్దిగా తక్కువ. గొట్టాన్ని మధ్యకు వంచి ఎక్కుపెట్టే స్ప్రింగ్ పిస్టన్ రకం ఇది: స్ప్రింగు తోసిన పిస్టన్ గాలిని కుదిస్తే, ఆ గాలి పెల్లెట్‌ను బయటికి పంపుతుంది. గాలి సిలిండర్లు, పంపులు, గ్యాస్ గుళికలు ఏవీ అక్కరలేదు.

ఎక్కుపెట్టే పద్ధతి చూద్దాం. రైఫిల్ వెనుక కొసను తొడకు ఆనించి, గొట్టం కొసను గుప్పిట పట్టి కిందికి లాగితే గొట్టం మడత దగ్గర తెరుచుకుంటుంది. ఇంకా లాగుతున్న కొద్దీ లోపలి పిస్టన్ వెనక్కి జరుగుతూ స్ప్రింగును కుదిస్తుంది. చివర్లో ట్రిగ్గర్ యంత్రం దానిని పట్టుకున్నప్పుడు స్పష్టమైన చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్నాక కూడా ఎడమచేతిని గొట్టం మీది నుంచి తీయకూడదు, ఎందుకంటే పొరపాటున పిస్టన్ విడుదలైతే గొట్టం ఒక్కసారిగా పైకి లేచి వేళ్ళను నలగ్గొడుతుంది. కుడిచేతి బొటనవేలితో పెల్లెట్‌ను, వెడల్పాటి వెనుక అంచు మనవైపు ఉండేలా, మడత దగ్గర తెరుచుకున్న గొట్టం నోట్లోకి సమంగా నొక్కాలి; అంచు బయటికి పొడుచుకుని ఉంటే గొట్టం మూసేటప్పుడు ఒరుసుకుని, ఆ గుండు ఎటు పోతుందో చెప్పలేము. హెచ్‌డబ్ల్యూ 30 ఎస్‌లో ఈ పనంతా సన్నపాటి చేతులు గలవారు కూడా అలసట లేకుండా ఒక పూటంతా చేసుకోగలరు. అదే ‘మాగ్నమ్’ అని పిలిచే బలమైన స్ప్రింగ్ రైఫిళ్ళలో కాసేపటికే భుజం పట్టేస్తుంది. అలసిన చేతులతో సాధన చేసేవారికి అలవడేది తప్పుడు పద్ధతే.

ఈ రైఫిల్‌కు ఎక్కువ ఖరీదు పెట్టడానికి అసలు కారణం దాని ట్రిగ్గర్. 1950ల నుంచి వైరౌఖ్ వాడుతూ వస్తున్న ‘రెకార్డ్’ ట్రిగ్గర్ ఇందులో ఉంటుంది; పేరు చివర ‘ఎస్’ లేని మామూలు హెచ్‌డబ్ల్యూ 30లో దీనికంటే సాదాగా ఉండే ‘పర్ఫెక్ట్’ ట్రిగ్గర్ వస్తుంది కనుక కొనేటప్పుడు ఆ ఒక్క అక్షరాన్ని సరిచూసుకోవాలి. రెకార్డ్‌లో నొక్కుడు రెండు దశలుగా సాగుతుంది. మొదటి దశలో వేలు తేలికగా కొంత దూరం కదిలి, ఒకచోట మెత్తని గోడను తాకినట్లు ఆగుతుంది. అక్కడ ఊపిరి నిలిపి, గురిని చివరిసారిగా సరిదిద్దుకుని, మరికాస్త ఒత్తిడి పెంచితే, గరుకుదనం గానీ జారుడు గానీ లేకుండా పిస్టన్ విడుదలవుతుంది. ఒత్తిడి ఎంత ఉండాలో ట్రిగ్గర్ వెనుకనున్న మరతో తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. కొత్తవారు దానిని మరీ తేలిక చేసుకోకపోవడం మంచిది. వేలు తగలగానే పేలే ట్రిగ్గర్ సరదాగా అనిపించినా, గురి కుదరకముందే గుండు వెళ్ళిపోయే దురలవాటును అది పెంచుతుంది. చవక రైఫిళ్ళలో వేలు ఎంత నొక్కినా ఎప్పుడు పేలుతుందో తెలియని బరువైన, ఈడ్పు నొక్కుడు ఉంటుంది. దానితో ఎంత సాధన చేసినా తప్పు మనదా రైఫిల్‌దా అని తేల్చుకోవడం సాధ్యం కాదు.

స్ప్రింగ్ రైఫిళ్ళన్నిటికీ ఉన్న ఒక గుణం దీనికీ ఉంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు బరువైన పిస్టన్ ముందుకు దూసుకుపోవడం వల్ల రైఫిల్ మొదట వెనక్కి, పిస్టన్ తన ముందు కుదిసిన గాలి దిండును ఢీకొన్నాక ముందుకు కదులుతుంది. ఈ కదలికలో మొదటి భాగమైనా పెల్లెట్ ఇంకా గొట్టంలో ఉండగానే జరిగిపోతుంది. రైఫిల్‌ను బిగించి పట్టుకుంటే ఆ కదలిక ఒక్కోసారి ఒక్కో తీరుగా మారి గుండ్లు చెల్లాచెదురుగా పడతాయి. అందుకే గొట్టం కింద ఉండే ముందు కర్రను తెరిచిన అరచేతి మీద ఊరికే ఆననిచ్చి, భుజానికి మెత్తగా తాకించి, ప్రతిసారీ ఒకే తీరులో కదలనివ్వాలి. బలమైన రైఫిళ్ళలో ఈ మెలకువ పట్టుబడటానికి నెలలు పడుతుంది. హెచ్‌డబ్ల్యూ 30 ఎస్‌లో పిస్టన్ తాకిడి స్వల్పం కనుక చిన్న పొరపాట్లను అది మన్నిస్తుంది, పెద్ద పొరపాట్లను వెంటనే కాగితం మీద చూపిస్తుంది.

దీనితో వచ్చే గురి అమరిక బాగుంటుంది. ముందు సైటు గుండ్రని గొట్టంలో ఉంటుంది, అందులోని పలకలను మార్చుకోవచ్చు. వెనుక సైటును పైకీ కిందికీ, పక్కలకూ చిన్న చిన్న మెట్లుగా జరపవచ్చు. మొదటి కొన్ని నెలలు స్కోప్ (దూరాన్ని దగ్గరగా చూపే గురి గొట్టం) జోలికి పోకుండా వీటితోనే సాధన చేయమని ఎవరికైనా సలహా ఇస్తాను. తరువాత స్కోప్ పెట్టాలనుకుంటే అది ఎయిర్ రైఫిళ్ళ కోసమని ప్రత్యేకంగా చెప్పి అమ్మేదై ఉండాలి. రెండు దిక్కులా తన్నే స్ప్రింగ్ రైఫిల్ మీద, ఒకే దిక్కున తన్నే తుపాకుల కోసం చేసిన ఖరీదైన స్కోపులు కూడా లోపల విరిగిపోతాయి. పది మీటర్ల దూరానికి బొమ్మ స్పష్టంగా కనిపించేలా ఫోకస్ కుదుర్చుకునే వీలు కూడా ఉండాలి.

ఇక బలం విషయం. జర్మనీలో లైసెన్సు లేకుండా కొనగలిగే ఎయిర్ రైఫిళ్ళకు 7.5 జూళ్ళ శక్తి హద్దు ఉంది. ఐదు భుజాల గడిలో ‘ఎఫ్’ అక్షరం ఉన్న ముద్ర దానికి గుర్తు. ఇతర దేశాలకు వెళ్ళే హెచ్‌డబ్ల్యూ 30 ఎస్ కాస్త ఎక్కువ బలం ఇచ్చినా పెద్ద తేడా ఉండదు. అర గ్రాముకు కొంచెం మించిన 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌ను 7.5 జూళ్ళు సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో పంపుతాయి. కాగితానికి, డబ్బాలకు, లోహపు బొమ్మలకు ఇది ధారాళంగా సరిపోతుంది. అయితే ఇంత మెల్లగా పోయే గుండు వంపు తిరిగిన దారిలో ప్రయాణిస్తుంది: 10 మీటర్లకు సరిచేసిన గురి 25 మీటర్ల దగ్గర కొన్ని సెంటీమీటర్లు కిందికి పోతుంది.

కుందేలు వంటి జంతువును బాధ పెట్టకుండా ఒక్క దెబ్బతో పడగొట్టాలంటే గుండు తలలోని రూపాయి బిళ్ళంత చోటులోనే తగలాలి, తగిలిన చోట తగినంత శక్తి మిగిలి ఉండాలి. బ్రిటన్‌లో ప్రత్యేక సర్టిఫికెట్ అక్కరలేని రైఫిళ్ళకు 12 అడుగు పౌండ్లు, అంటే సుమారు 16 జూళ్ళు, హద్దుగా ఉంది. అక్కడ కుందేళ్ళ వేట ఎక్కువగా ఆ బలంతోనే సాగుతుంది. హెచ్‌డబ్ల్యూ 30 ఎస్ ఇచ్చేది అందులో దాదాపు సగమే. ధాన్యపు కొట్టులో కొద్ది మీటర్ల దూరాన ఎలుకను కొట్టడానికి అది చాలు. కుందేలు కోసమైతే దానిని ఎవరికీ సిఫారసు చేయను. చిన్న వేటే ప్రధాన ఉద్దేశమైనవారు అదే కంపెనీ హెచ్‌డబ్ల్యూ 95ను గానీ డయానా 34ను గానీ చూడవచ్చు. హెచ్‌డబ్ల్యూ 95లోనూ రెకార్డ్ ట్రిగ్గరే ఉంటుంది, బరువు మాత్రం మూడు కిలోలు దాటుతుంది, మంచి పట్టు కుదరడానికి ఎక్కువ సాధన కావాలి. ముందుగా గాలి నింపి ఉంచుకునే పీసీపీ రైఫిళ్ళు దాదాపు కదలికే లేకుండా పేలుతాయి కనుక వేటకు అవే అనువు. కానీ 200 బార్ల ఒత్తిడిని నింపే పంపో సిలిండరో వెంట ఉండాలి, సీళ్ళు (గాలి బయటికి పోకుండా ఆపే వలయాలు) కారితే బాగుచేయించుకోవాలి. మొదటి రైఫిల్‌కే అంత తంతు అవసరమా అన్నది కొనేవారు ఆలోచించుకోవలసిన మాట. వేటకు అనుమతి ఉన్నదో లేదో కూడా దేశాన్ని బట్టి మారుతుంది: భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది, అక్కడ ఎయిర్ రైఫిల్ టార్గెట్ల కోసమే.

పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లా 5.5 మిల్లీమీటర్లా అన్న వాదన ఎప్పటికీ తెగదు. ఈ రైఫిల్ బలానికి మాత్రం 4.5 తప్ప మరొకటి అనవసరం, ఎందుకంటే తక్కువ శక్తితో బరువైన 5.5 పెల్లెట్‌ను పంపితే దారి మరింత వంపు తిరుగుతుంది. 1984 లాస్ ఏంజెలెస్ నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న, 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచిన 10 మీటర్ల పోటీ కూడా 4.5తోనే జరుగుతుంది. అయితే ఆ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. అక్కడ వాడేవి పూర్తిగా వేరే జాతి రైఫిళ్ళు. ఆ దారిలో పోదలచిన పిల్లలు హెచ్‌డబ్ల్యూ 30 ఎస్ కొనకుండా ఏదైనా షూటింగ్ క్లబ్బులో చేరి అక్కడి పోటీ రైఫిల్‌తో మొదలుపెట్టడం మేలు.

పెల్లెట్ల ఎంపికకు సూత్రమేదీ లేదు. కాగితం మీద గుండ్రని రంధ్రం కావాలంటే చదునైన తల గలవి, 20 మీటర్లు దాటి కొట్టాలంటే గుండ్రని తల గలవి తీసుకోవాలి; సూది మొన గలవి చూపుకు మాత్రమే. జేఎస్‌బీ, హెచ్ అండ్ ఎన్, ఆర్‌డబ్ల్యూఎస్ కంపెనీల డబ్బాలు తలా ఒకటి తెచ్చి, ఒక్కో రకంతో వరుసగా కొట్టి, రంధ్రాలు ఎక్కడ దగ్గరగా పడుతున్నాయో చూడటమే మార్గం. ఒకే రకం రెండు రైఫిళ్ళు సైతం వేర్వేరు పెల్లెట్లను ఇష్టపడటం మామూలే. బీబీలనే గుండ్రని ఉక్కు గుళ్ళను మాత్రం ఈ గొట్టంలో వేయకూడదు: లోపలి మెలికల గాడులు పాడవుతాయి, గట్టి వస్తువుకు తగిలిన బీబీ తిరిగి కంటికే రావచ్చు. పెల్లెట్ లేకుండా ఖాళీగా పేల్చినా ముప్పే, గాలి దిండు లేక పిస్టన్ నేరుగా లోహాన్ని గుద్దుతుంది, సీల్ దెబ్బతింటుంది. కంటికి అద్దాలు, టార్గెట్ వెనుక గుండును పూర్తిగా ఆపే అడ్డు, సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం, ఇవి ఎంత చిన్న రైఫిల్‌కైనా తప్పవు.

లోపాలు లేకపోలేదు. ఎక్కుపెట్టగానే సేఫ్టీ దానంతటదే పడుతుంది, బాగానే ఉంది. కానీ ఒకసారి తీశాక, గొట్టాన్ని మళ్ళీ వంచితే తప్ప అది తిరిగి పడదు. గురి చూస్తూ మనసు మార్చుకున్నవారికి ఇది చిరాకు. పొడగరులకు భుజానికి ఆనే దీని కర్ర పొట్టిగా తోస్తుంది. ముందు కర్రను పట్టి ఉంచే మరలు క్రమంగా వదులవుతాయి. గుండ్లు అకారణంగా చెదరడం మొదలైతే స్కోప్‌నో పెల్లెట్లనో తిట్టే ముందు వాటిని బిగించి చూడాలి. నూనె విషయంలో పిసినారితనమే మంచిది. పిస్టన్ గదిలోకి మామూలు యంత్రాల నూనె పోస్తే ఒత్తిడి వేడికి అది మండి, పెద్ద చప్పుడుతో, పొగతో పేలుతుంది, అలా పదేపదే జరిగితే సీల్, స్ప్రింగ్ రెండూ పాడవుతాయి.

వాడినది కొనేవారు అడిగి మరీ గొట్టం వంచి చూడాలి. మడత దగ్గర పక్కలకు ఊగితే, లేదా గొట్టాన్ని తెరిచిన స్థితిలో ఎక్కడ వదిలితే అక్కడ నిలవకుండా సొంత బరువుకు జారిపోతుంటే, మడత మర వదులై ఉంటుంది. కొంచెం బిగిస్తే అది సర్దుకుంటుంది. గొట్టం నోటి చుట్టూ ఉండే రబ్బరు వలయం చిట్లి ఉన్నా కొత్తది వేయించడం పెద్ద పని కాదు. ట్రిగ్గర్‌ను మాత్రం ఎవరో అరగదీసి తేలిక చేశారని తెలిస్తే ఆ రైఫిల్‌ను అక్కడే వదిలేయాలి.